హైస్కూలు పిల్లలకు వార్తను పరీక్షించడం నేర్పాలంటే: ఉపాధ్యాయ శిక్షణ నడిపే తీరు

మీడియా అక్షరాస్యతపై నేను నడిపిన మొదటి శిక్షణ పూర్తిగా బెడిసికొట్టింది. గుంటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నలభై మంది ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, తప్పుడు సమాచారం ఎన్ని రకాలు, దాని లక్షణాలు ఏమిటి అంటూ సాయంత్రం నాలుగున్నర దాకా స్లైడ్లు చూపించాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. నేను బస్సు దిగేలోపే, ఆ శిక్షణ కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులోకే, మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా ప్రకటించిందన్న పాత కట్టుకథ వచ్చి పడింది. పంపినవారు పొద్దుటి నుంచి ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్న మాస్టారు. ఆ సందేశానికి అప్పటికే పద్దెనిమిది నమస్కారాలు పడ్డాయి. తప్పు ఆయనది కాదని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈత గురించి రోజంతా చెప్పి ఎవరినీ నీళ్ళలో దించని వాడిని నేనే.

ఆ తరువాత పద్ధతి మార్చాను. ఇప్పుడు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాఠశాలల్లో అనుసరిస్తున్న తీరును, ఈ పని చేయదలచినవారికి ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు: తరగతిలో పిల్లల చేత ఏమి చేయించాలనుకుంటామో, దానిని ముందుగా ఉపాధ్యాయుల చేత, వారి సొంత ఫోన్లతో, తడబాట్లతో సహా చేయించాలి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఒక విడతకు ముప్పై మందికి మించకూడదు. ఒకే పాఠశాల నుంచి ఒక్కరినే పిలిస్తే, తిరిగి వెళ్ళాక ఆ ఒక్కరి ఉత్సాహం స్టాఫ్ రూములో రెండు వారాలకు మించి నిలవదు. కాబట్టి బడికి కనీసం ఇద్దరిని, వీలైతే ఒక భాషా ఉపాధ్యాయుడిని, ఒక సోషల్ లేదా సైన్స్ ఉపాధ్యాయుడిని అడగండి. ప్రధానోపాధ్యాయులను మొదటి గంటకైనా కూర్చోబెట్టగలిగితే తరువాత పీరియడు అడగడం తేలికవుతుంది.

వరుసగా రెండు రోజులు పెట్టడం కంటే, ఒక రోజు శిక్షణ, నెల తరువాత ఒక పూట సమీక్ష అన్న పద్ధతి మంచిదని నా అనుభవం. ఆ సమీక్షను, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో కలిపేస్తే విడిగా అనుమతి కోసం తిరగవలసిన పని ఉండదు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడ మీది పెద్ద టచ్ తెర) ఉన్న గది చూసుకోండి గాని దాని మీదే ఆధారపడవద్దు. నెట్ ఆగిపోయినా శిక్షణ ఆగకుండా, ప్రతి చిత్రాన్నీ సందేశాన్నీ కాగితంపై ముద్రించి ఉంచుకోవాలి. పిల్లలు బడికి ఫోన్లు తేరు కనుక రేపు తరగతిలో పనికివచ్చేవి కూడా ఆ కాగితాలే. వీటితో పాటు అదే రోజు వెలువడిన నాలుగైదు తెలుగు దినపత్రికలు జిల్లా పేజీలతో సహా కొనండి. ఎర్ర పెన్సిళ్ళు ముప్పై కావాలి.

మొదటి గంట: బ్యారేజి ఫోటో

పరిచయ ప్రసంగాలు త్వరగా ముగించి, బల్లకు ఐదుగురు చొప్పున కూర్చున్నవారికి మూడు ఫోటోలు ఇవ్వండి. మూడింటి కిందా ఒకే వాక్యం ఉండాలి: "ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణమ్మ ఉగ్రరూపం, ఈ ఉదయం." నేను వాడే మూడింటిలో ఒకటి 2009 అక్టోబరు వరదది, రెండవది 2024 సెప్టెంబరు వరదది, మూడవది నాగార్జునసాగర్‌ది. ఏది ఏదో ఇరవై నిమిషాలలో తేల్చమని, ఎలా తేల్చారో రాయమని చెప్పాలి. మొదటి పది నిమిషాలు ఫోన్లు ముట్టకూడదు.

ఇక్కడి ఉపాధ్యాయులు రోజూ బ్యారేజి మీదుగా తిరిగేవారే, అయినా మొదట తడబడతారు. ఆ తరువాత ఎవరో ఒకరు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ప్రకాశం బ్యారేజికి 70 గేట్లు, సాగర్‌కు 26. ఒకదానిలో గేట్లు వరుసగా నదికి అడ్డంగా నేల బారుగా సాగుతాయి, మరొకదానిలో ఎత్తయిన ఆనకట్ట మీది నుంచి నీరు దూకుతుంది. మూడవ ఫోటో అలా పక్కకు పోతుంది. మిగిలిన రెండింటిని విడదీయడమే అసలు పని. ఒక విడతలో, లెక్కల టీచర్ ఒకరు ఫోటో మూలన ఇంద్రకీలాద్రి వైపు కనిపిస్తున్న కాంక్రీటు స్తంభాలను వేలితో చూపి, "మాస్టారూ, ఇది దుర్గ గుడి ఫ్లైఓవర్ కదా, 2009లో ఎక్కడుంది?" అన్నారు. ఆ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో ప్రారంభమైంది. గది అంతా ఆ ఫోటో మీదికి వంగింది. ఇంకొక బల్ల వారు గేట్లకు అడ్డంగా చిక్కుకున్న ఇనుప పడవలను పట్టుకున్నారు. ఈ రెండు వరదలలో పడవలు కొట్టుకువచ్చి గేట్లను ఢీకొన్నది 2024 సెప్టెంబరు నాటిదానిలో. నేను ఎన్ని స్లైడ్లు చూపినా రాని చురుకుదనం ఆ ఒక్క వేలితో వచ్చింది.

ఆ తరువాత ఫోన్లు తీయించి, గూగుల్ లెన్స్‌తో అదే ఫోటోను వెతికించాలి. అది ఎంత సులువో చూసి ఆశ్చర్యపోతారు, కొన్నిసార్లు అది తప్పుదారి పట్టిస్తుందని కూడా చూస్తారు. ఒకే ఫోటో పది చోట్ల పది తేదీలతో కనిపిస్తే, అన్నింటికంటే పాత తేదీ ఏదో చూడాలన్న సూత్రం అక్కడే పట్టుబడుతుంది. ఫోటో నిజమైనదే అయినా దాని కింది వాక్యం అబద్ధం కావచ్చు. పిల్లలకు చేరే తప్పుడు సమాచారంలో నేను ఎక్కువగా చూసినది ఈ రకమే. చిత్రాన్ని మార్చనక్కరలేదు, తేదీ మారిస్తే చాలు.

ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి మరొక కారణముంది. బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు నీట మునిగిన 2024 సెప్టెంబరు మొదటి వారంలో మా బంధువుల ఇంట్లో వారు మేడ మీద కూర్చుని ఉండగా, కట్ట మళ్ళీ తెగిందన్న వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. అందులోని గొంతు వణుకుతోంది, ఊరు పేరు లేదు, సమయం లేదు. దిగి పరుగెత్తాలా, ఉండాలా అన్నది ఆ క్షణాన ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. ఆ వణికే గొంతు నిజంగానే భయపడి ఉండవచ్చు. భయపడినవారు చెప్పినది నిజమేనని మాత్రం అనుకోలేము. ఈ తేడాను విజయవాడ ఉపాధ్యాయులకు విడమరచి చెప్పవలసిన అవసరమే రాలేదు.

పేజీ వదిలి బయటకు వెళ్ళడం

రెండవ గంటలో నేర్పవలసిన అలవాటు ఒక్కటే. చదువుతున్న పేజీనే తదేకంగా చూస్తూ నమ్మాలా వద్దా అని ఆలోచించకుండా, దానిని అక్కడే ఆపి, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో వెతకాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 10 మంది చరిత్ర ఆచార్యులను, 10 మంది వృత్తిపరమైన ఫ్యాక్ట్ చెకర్లను (వార్తల నిజానిజాలు తేల్చేవారిని), 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి వెబ్‌సైట్లు పరీక్షింపజేస్తే, ఫ్యాక్ట్ చెకర్లే త్వరగా, సరిగా తేల్చారు. పండితులు పేజీ లోపలే ఉండిపోయి దాని అందానికీ, భాషకూ, లోగోకూ లొంగిపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం కొద్ది క్షణాల్లోనే ఆ పేజీ వదిలి కొత్త ట్యాబులు తెరిచారు. పెళ్ళి సంబంధం వస్తే మనం చేసేది కూడా ఇదే కదా: అబ్బాయి ఇచ్చిన బయోడేటాను పదిసార్లు చదవము, ఆ వీధిలో నాలుగిళ్ళలో వాకబు చేస్తాము. ఈ పోలికతో చెప్పినప్పుడు మరచిపోయిన ఉపాధ్యాయులు నాకు కనబడలేదు.

సాధనకు 2016 నవంబరు నాటి రెండు వేల రూపాయల నోటులో దాని జాడ చెప్పే నానో చిప్ ఉందన్న కథ చక్కగా పనికివస్తుంది. అది వాట్సాప్‌లోనే ఆగలేదు, టీవీ చానళ్ళ దాకా వెళ్ళింది. చిప్ లేదని రిజర్వు బ్యాంకు చెప్పవలసి వచ్చింది. "టీవీలో వచ్చింది" అన్న మాట ఎంతవరకు ఆధారమో చర్చించడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. కేంద్ర ప్రభుత్వ పథకాలపై వచ్చే సందేశాలను 2019లో మొదలైన, కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్‌లో చూడవచ్చు, అయితే అది ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే మాట అని కూడా గుర్తుంచుకోవాలి. హైదరాబాదు నుంచి నడిచే, వార్తలను సరిచూసే వెబ్‌సైటు ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది. కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను అడిగి అదే తీర్పు అనుకోవడం ఉపాధ్యాయులలోనూ పెరుగుతోంది. అది చెప్పిన సమాధానాన్ని కూడా వేరే చోట సరిచూడవలసిన మరొక సందేశంగానే పరిగణించమని చెప్పండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనిపిస్తే ఆ సందేశం చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అబద్ధమని అర్థం కాదు, మొదట పంపినదెవరో మీకు తెలియదని మాత్రమే.

ఎర్ర పెన్సిలు: క్రియాపదాల వేట

నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇది, కనీసం గంటన్నర ఇవ్వండి. దినపత్రికలు పంచి, జిల్లా పేజీలోని ఒక వార్తలో ఆ సంగతి విలేకరికి ఎవరు చెప్పారో తెలిపే ప్రతి మాట కిందా గీత గీయమనాలి. కాసేపటికి బల్లల మీద ఒక జాబితా తయారవుతుంది: తెలిసింది, సమాచారం, విశ్వసనీయ వర్గాల కథనం, అంటున్నారు, గుసగుసలు వినిపిస్తున్నాయి, చర్చనీయాంశమైంది. ఎవరికి తెలిసింది? ఎవరంటున్నారు? ఎక్కడ చర్చ జరిగింది? ఒక వార్తలో పేరున్న మనుషులు ఎందరు, పేరులేని వర్గాలు ఎన్ని అని లెక్కవేస్తే, పెద్ద శీర్షిక కింద ఒక్క పేరైనా లేని వార్తలు బయటపడతాయి.

తరువాత రెండవ గీత. ఒకే అధికారి ఒకే మాటను ఒక పత్రికలో "చెప్పారు", మరొకదానిలో "ఒప్పుకున్నారు", ఇంకొకదానిలో "సమర్థించుకున్నారు", నాలుగవదానిలో "బుకాయించారు" అని ఉంటుంది. ఆయన నోటి నుంచి వచ్చినది ఒకటే, తీర్పు మాత్రం క్రియలో దాగి ఉంది. తెలుగు పండితులు ఇక్కడ విజృంభిస్తారు, మిగిలినవారు వారి చుట్టూ చేరతారు. ఈ శిక్షణ కంప్యూటర్ తెలిసినవారి పని అన్న అపోహ కూడా ఇక్కడితో పోతుంది. తెలుగు పరీక్షలో కరపత్రం, సంపాదకునికి లేఖ రాయించడం ఎలాగూ ఉన్నదే కనుక, ఒకే సంఘటనను మూడు వేర్వేరు క్రియలతో రాయించే అభ్యాసాన్ని ఆ పీరియడులోనే కలిపేయవచ్చు.

ఇంకా రెండు సంగతులు చూపించాలి. మొదటి పేజీని మొత్తం కప్పేసే ప్రకటనకూ వార్తకూ మధ్య గీత ఎక్కడ ఉంది, "ప్రకటన" అన్న చిన్న అక్షరాలు ఏ మూలన ఉన్నాయి అన్నది ఒకటి. పత్రికను ముద్రించినదెవరు, ప్రచురించినదెవరు, సంపాదకుడెవరు అన్న వివరాలు ఏ పేజీ అడుగున ఉంటాయన్నది రెండవది. పత్రిక ఆ వివరాలు వేయక తప్పదు. ఫోనుకు వచ్చే పత్రిక క్లిప్పింగుకు, రాత్రికి రాత్రి పుట్టిన యూట్యూబ్ చానల్‌కు వాటిని ఎక్కడ వెతకాలో అడిగి చూడండి. డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం వేసిన ఉదంతాలు 2009 ఎన్నికలలో ఎంతగా బయటపడ్డాయంటే, ప్రెస్ కౌన్సిల్ 2010లో దానిపై నివేదిక ఇవ్వవలసి వచ్చింది.

ఇక రాజకీయం. ఏ పత్రిక ఏ పక్షమో మన ఊళ్ళో టీ బడ్డీ దగ్గర కూడా తెలుసు, కనుక ఈ గంటలో వాదన రాకుండా ఉండదు. నేను రెండు నియమాలు ముందే బోర్డు మీద రాస్తాను. పార్టీ వార్తను తీసుకుంటే రెండు పక్షాల పత్రికలనూ పక్కపక్కన పెట్టాలి. మాట్లాడేవారు నాయకుడి గురించి కాక వాక్యం గురించే మాట్లాడాలి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది కనుక తరగతి గదిలో మొదటి కొన్ని వారాలు రాజకీయేతర ఉదాహరణలకే పరిమితం కావడం వివేకం. పిరికితనమని కొందరు మిత్రులు నన్ను ఆక్షేపించారు. ఒక తండ్రి ఫిర్యాదుతో కార్యక్రమమే ఆగిపోవడం కంటే ఇదే మేలని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఏ పీరియడులో చెప్పాలి

కేరళలో 2024లో ఐదు, ఏడు తరగతుల ఐసీటీ (సమాచార సాంకేతికత) పాఠ్యపుస్తకాలలోనే తప్పుడు వార్తలను గుర్తించే పాఠాలు చేర్చారు. మన ఉపాధ్యాయులు మాత్రం సిలబసు పూర్తి కాదన్న భయంతో ఉంటారు, అది న్యాయమైన భయమే. కనుక కొత్త పీరియడు అడగకుండా, ఉన్న పాఠంలోనే పది నిమిషాలు వెతకమనండి. ఈ రాత్రి కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తున్నాయి, ఫోన్లు దూరంగా పెట్టండి అన్న పాత సందేశం భౌతికశాస్త్రానికి తగినది. లెక్కల వారు నిలువు అక్షం సున్నా దగ్గర మొదలుకాని గ్రాఫును సాంఖ్యక శాస్త్రం పాఠంలో చూపవచ్చు. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారుతో 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెలుగు రాష్ట్రాలలో కోళ్ళ ధరలు కుప్పకూలిన సంగతి జీవశాస్త్రానికీ, ఆర్థిక పాఠానికీ రెండింటికీ పనికివస్తుంది. నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించిన 2023 నవంబరు నాటి డీప్‌ఫేక్ ఉదంతాన్ని ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు వీడియో చూపకుండా సంగతి మాత్రమే చెప్పాలి.

మధ్యాహ్నం తరువాత ప్రతి జంటా పది నిమిషాల డెమో పాఠం చెప్పాలి. ఇందులో నేను పట్టుబట్టేది ఒక్కటే: పాఠంలో ఇచ్చే ఐదు సందేశాలలో కనీసం రెండు నిజమైనవి కావాలి. అన్నీ అబద్ధాలే ఇస్తే పిల్లలు రెండో రోజుకే కిటుకు పట్టేసి, చూడకుండానే "ఫేక్" అని అరుస్తారు. దేనినీ నమ్మని పిల్లవాడు అన్నీ నమ్మే పిల్లవాడికన్నా తెలివైనవాడేమీ కాడు, వాడు కూడా వెతకడం మానేసినవాడే. జవాబులలో "నిజం", "అబద్ధం"తో పాటు "ఇంకా తెలియదు" అన్న మూడవ గడి తప్పనిసరి. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే "నాకు తెలియదు, చూద్దాం రండి" అని ప్యానెల్ మీద అందరి ముందూ వెతికి చూపడాన్ని కూడా డెమోలో సాధన చేయించండి. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవారికి ఆ మాట నోట రావడం కష్టం. నాలుగైదుసార్లు అన్నాక అలవాటవుతుంది.

పిల్లల సొంత ఫోన్లలోని సందేశాలు తెచ్చి చూపమని అడగవద్దు, ఇంటి సంగతులు బయటపడతాయి. మరొక చిక్కు కూడా ఉంది. ఈ పాఠం విన్న పిల్లవాడు సాయంత్రమే కుటుంబ గ్రూపులో "తాతయ్యా, మీరు పెట్టింది అబద్ధం" అని రాస్తాడు. మర్నాడు ఇంటివారు బడికి వస్తారు. అందుకే దీనిని కూడా అభినయింపజేస్తాము: ఒక మాస్టారు తాతయ్య, ఒక టీచర్ మనవరాలు. గ్రూపులో కాకుండా పక్కన కూర్చుని, "తాతయ్యా, ఇది మీకు ఎవరు పంపారు? వాళ్ళకు ఎవరు పంపారట?" అని అడగాలి. తాతయ్య పాత్ర వేసిన మాస్టార్లు తాము ఎంత మొండిగా వాదించారో తలచుకుని తరువాత నవ్వుకుంటారు.

నెల తరువాత

శిక్షణ చివర ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక పని అప్పగించాలి: ఒక తరగతిలో పిల్లల చేత తనిఖీ పుస్తకం పెట్టించడం. పేజీకి నాలుగు గళ్ళు చాలు. వచ్చిన సంగతి, ఎవరి ద్వారా వచ్చింది, నేను ఎక్కడెక్కడ చూశాను, ఏమి తేల్చాను. మార్కులు వేయవద్దు, వేస్తే గైడు చూసి రాసినట్టు రాస్తారు. సమీక్షకు వచ్చేటప్పుడు ఒక్కొక్కరు పేర్లు తీసేసిన ఐదు పేజీలు తేవాలి. మొదటి గడి, మూడవ గడి పోల్చి చూడండి. మూడవ గడిలో "మా సార్ చెప్పారు" అనే ఎక్కువగా ఉంటే ఆ తరగతిలో పాఠం జరిగింది గాని సాధన జరగలేదని తెలుస్తుంది. ఆ ఉపాధ్యాయుడి దగ్గర ఒక పీరియడు కూర్చుని కలిసి చెప్పండి. సమీక్షలో నిలబెట్టి అడగవద్దు. ఈ పేజీలే తరువాతి విడత శిక్షణకు మీ సామగ్రి.

గుంటూరు పక్క మండలం నుంచి అలా వచ్చిన ఒక పేజీని నేను ప్రతి శిక్షణకూ తీసుకువెళుతున్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి రాసినది. మొదటి గడిలో, గురు, శుక్రవారాలు మిర్చి యార్డుకు సెలవు అని ఉంది. రెండవ దానిలో, నాన్న ఫోనుకు రైతుల గ్రూపు నుంచి, రెండు బాణాలు. మూడవ దానిలో, పేపరులో మార్కెట్ పేజీ చూశాను, లేదు. నాన్న చేత కమీషన్ వ్యాపారికి ఫోన్ చేయించాను. యార్డులో హమాలీగా పనిచేసే మామయ్యను అడిగాను, బోర్డు పెట్టారని చెప్పాడు. నాలుగవ గడిలో ఇలా రాసింది (టిక్కీ అంటే మిర్చి బస్తా): "నిజం. టిక్కీలు సోమవారం వేస్తాం."